తేనెతో రంగరించిన మందు

ఇది రాయమన్నది మా అత్తయ్య. నా అంతట నేనైతే రాసేదాన్ని కాదు. ఇంట్లో సంగతి వీధిలో పెట్టుకోవడం మాకు అలవాటు లేదు. కొట్లో సరుకంతా తడిసి ముద్దయినా, గల్లాపెట్టె దగ్గర కూర్చుని నవ్వుతూ బేరాలు చెప్పే వ్యాపారస్తుల ఇల్లు మాది. కానీ మొన్న ఆసుపత్రి నుంచి జగ్గయ్యపేట తిరిగి వస్తున్నప్పుడు, బస్సు కీసర దాటాక, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది:

"నువ్వు పంతులమ్మవి గదా అమ్మాయ్. జరిగిందంతా రాసి ఎక్కడన్నా వేయించు. నా సంగతి దాచమాక."

అందుకని దాచకుండా రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. ఇది చదివి ఎవరూ పిల్లల మందులు ఆపేయకండి. మందులు చెడ్డవని చెప్పడానికి కాదు ఇది. అలా అనుకుని ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో! తిట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

బడులు తెరిచినప్పుడు

మా అమ్మాయి పేరు సహస్ర. అప్పుడు నాలుగో తరగతి. దానికి నడవడం తెలీదు, పరుగొక్కటే తెలుసు. కొట్లో కందిపప్పు బస్తా మీంచి శనగపప్పు బస్తా మీదికి, అక్కణ్నుంచి వాళ్ల నాన్న వీపు మీదికి దూకేది. ఒక కథ మొదలుపెట్టి, అది సగంలో ఉండగానే ఇంకోటి, అందులోంచి మరోటి చెప్పేది. ఏ కథా పూర్తయ్యేది కాదు. వినేవాళ్లకి మాత్రం కడుపు నిండిపోయేది. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే లేచిపోయేది. పుస్తకం ముందు కూర్చుంటే ఆ మాత్రం కూడా ఉండేది కాదు.

ఇంట్లో ఉన్నంతసేపూ అది ముద్దే. బళ్లో అది ముద్దు కాలేదు. పలకరించినప్పుడల్లా వాళ్ల టీచర్లు ఏదో ఒకటి చెప్పేవారు. నేనూ టీచర్నే, నందిగామలో దిగి ఆటో ఎక్కి వీరులపాడు వైపు ఒక ఊళ్లో హైస్కూలుకి వెళ్లి సోషల్ చెబుతాను. కాబట్టి వాళ్ల మొహాల్లో ఏముందో నాకు బాగా తెలుసు. బంధువులకి వేరే బాధ. "ఆడపిల్లకి ఇంత దుడుకేంటమ్మా, రేపు ఎలా?" అని వాళ్ల గోల. ఆ రేపటి సంగతి పక్కన పెట్టి విజయవాడలో పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఏడీహెచ్‌డీ అన్నారు. మనసు ఒకచోట నిలవడానికి ఒక గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, రాశారు. బడి ఉన్న రోజుల్లో పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి. ఆదివారాలూ సెలవురోజులూ వద్దన్నారు. నమలనివ్వద్దు, మింగించండి అన్నారు.

నేను చీకటి విడీవిడకముందే టిఫిన్ చేసి పెట్టి బస్సెక్కాలి. మా ఆయన అప్పటికే కొట్టు తీస్తారు. అందుకని పొద్దుటి మాత్ర వేసే పని మా అత్తయ్యకి అప్పజెప్పాం. మామయ్యగారు పోయాక ఆవిడకి ఈ పిల్లే లోకం. "నమలకూడదంట అత్తయ్యా, మింగాలంట" అని చెప్పాను. "నాకెందుకు తెలీదమ్మాయ్, మీ ఆయన్ని పెంచింది నేనేగా" అంది.

జూన్, జూలై బాగా గడిచాయి. పిల్ల ఒకసారి ఒక పేజీ మొత్తం కొట్టివేతలు లేకుండా రాసుకొచ్చింది. వాళ్ల నాన్న ఆ కాగితాన్ని కొట్లో దేవుడి పటం పక్కన అంటించారు. ఇప్పటికీ అక్కడే ఉంది, అగరొత్తుల మసి పట్టి.

శ్రావణం తరవాత

శ్రావణమాసంలో ఏదో తిరగబడింది. ఏమిటో తెలీలేదు. బళ్లోంచి ఫోన్లు రావడం మొదలైంది. పొద్దున్నే అరచేతులు చెమటలు పడుతున్నాయి, గుండె దడదడ అంటోందని ఏడుస్తోంది, గోళ్ల పక్క చర్మం రక్తం వచ్చేదాకా పీక్కుంటోంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పూర్తిగా ఇంకో పిల్ల. ఎవరు ఏమన్నా అరుపులు. ఒకరోజు టిఫిన్ డబ్బా విసిరితే పక్కమ్మాయి కనుబొమ నెత్తురోడింది. ఆ అమ్మాయి తల్లికి నేను బడి వరండాలో చేతులు జోడించాను. ఆవిడ నన్ను చూడను కూడా చూడలేదు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. "నేనెందుకిలా చేస్తున్నానమ్మా?" అని అడిగేది.

ఆదివారం వస్తే మళ్లీ పాత సహస్రే. బస్తాల మీద దూకుళ్లు, పూర్తికాని కథలు. దాంతో నాకు ఒక తీర్మానం దొరికింది. తప్పంతా బడిదే! క్లాసు టీచరుతో గట్టిగా పోట్లాడి సెక్షన్ మార్పించాను. ఆదివారానికీ సోమవారానికీ మధ్య బడి కాకుండా మరొకటి కూడా ఉందని నా బుర్రకి తట్టలేదు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆ హాలు మీకు తెలిసే ఉంటుంది, ఏ ఆసుపత్రైనా ఒకటే. గోడ మీద టీవీలో చప్పుడు లేకుండా కార్టూన్ ఆడుతుంటుంది. కుర్చీల నిండా పిల్లలు, వాళ్ల పక్కన మొహాలు వేలాడేసుకున్న తల్లులు. ఎవరి పిల్ల కాస్త అల్లరి చేసినా మిగతా తల్లులు ఫోన్లలోకి చూసుకుంటారు. అది మర్యాదే. పేరు పిలిచేసరికి పొద్దు వాలిపోయింది. లోపల డాక్టరుగారు కాగితాల్లోంచి తలెత్తకుండా అడిగారు:

"మందు సరిగ్గా వేస్తున్నారా?"

"ఒక్క రోజు కూడా తప్పలేదండి."

నిజమే చెప్పాను. ఒక్క రోజు కూడా తప్పలేదు.

కోపం తగ్గడానికని ఇంకో మాత్ర కలిపారు. చిన్న మాత్రే, సాయంత్రం అన్నం తిన్నాక వేయాలి. దీన్ని నేనే వేసేదాన్ని. మందు కాగితం మీద పేరు చూసి ఫోన్లో వెతికితే, మతి చలించినవాళ్లకి వాడే మందని వచ్చింది. కొట్టుకెళ్లి మా ఆయనకి చూపించాను. ఆయన బెల్లం తూస్తూ, "డాక్టరుకి తెలీకుండా రాస్తాడా? నువ్వు ఫోన్లో చదివి డాక్టరీ చెయ్యమాక" అన్నారు. పక్కన కొనేవాళ్లున్నారు కాబట్టి నోరు మూసుకుని వచ్చేశాను. తరవాతిసారి డాక్టరుగారినే అడిగితే, ఇలాంటి కోపాలకి పిల్లలకి కూడా తక్కువ మోతాదులో ఇస్తారని విసుక్కోకుండానే చెప్పారు. అదీ నిజమేనట.

దసరా, కార్తీకం

దసరా నాటికి ఇల్లు చల్లబడింది. అరుపులు లేవు, విసుర్లు లేవు. బడి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. పిల్ల అన్నం తినడం మొదలుపెట్టింది. నాలుగు ముద్దలకి లేచిపోయే పిల్ల, మారు వడ్డించమని కంచం పట్టుకుని కూర్చునేది. మా ఇళ్లలో తినే పిల్ల అంటే ఎంత సంబరమో చెప్పాలా? అత్తయ్య జంతికలు చేసేది, సున్నుండలు చేసేది, పిల్ల పక్కనే కూర్చుని ఒక్కోటీ అందించేది. బుగ్గలు వచ్చాయి, పొట్ట వచ్చింది. నోముకి వచ్చినవాళ్లంతా "ఇప్పుడు కదా కళొచ్చింది, లక్ష్మీదేవిలా ఉంది" అని మెటికలు విరిచారు. పాత గౌన్లేవీ పట్టలేదు.

నాకూ హాయిగానే అనిపించింది. కొన్నాళ్లు.

కార్తీకంలో ఒక ఆదివారం అది కొట్లో బస్తా మీద కూర్చుని ఉంది. దూకలేదు. "ఏదన్నా కథ చెప్పవే" అన్నాను. చాలాసేపు నా వంక చూసి, "ఏం కథ?" అంది. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది, దానికి తెలీడం లేదు. నేను కొంగుతో తుడిచి ఇంట్లోకి వచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ పూర్తికాని కథలే నాకు కావాలి. పెద్దమనిషిలా కుదురుగా కూర్చున్న ఈ పిల్ల నాకు అక్కర్లేదు.

మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పొద్దున నేను లేచేసరికే అత్తయ్య దుప్పట్లు తడిపి ఉతికి ఆరేసేది, పిల్లకి సిగ్గు కాకూడదని. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. తీగ మీద రోజూ దుప్పటి ఎందుకు ఆరుతోందో నాకు నేనే గ్రహించుకున్నాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ముందు ముందు ఆవిడ మీద మీకు కోపం వస్తుంది. అప్పుడు ఈ దుప్పట్లు కూడా గుర్తుండాలి.

ఆ తరవాత కాళ్లు మొదలయ్యాయి. కూర్చోలేదు, నిలబడలేదు. భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండేది, మొహంలో ఏ ఉత్సాహమూ లేకుండా. ఇది పాత పరుగు కాదు. పాత పరుగులో నవ్వుండేది.

"కాసేపు కూర్చోవే తల్లీ."

"నేను తిరగట్లేదమ్మా. కాళ్లు తిరగమంటున్నాయి."

డాక్టరుగారికి చెప్పాం. మళ్లీ చురుకు ఎక్కువైందనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, అలాగే చెప్పాను కూడా. సాయంత్రం మాత్ర పెంచారు. పెంచిన మాత్రని నా చేత్తోనే దాని నోట్లో వేసి నీళ్లు తాగించాను.

తిరునాళ్ల రోజులు

పెనుగంచిప్రోలు అమ్మవారి తిరునాళ్ల రోజుల్లో బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. మళ్లీ చూపించుకోవడానికి ఒక సెలవునాడు నేనూ పిల్లా విజయవాడ బస్సెక్కాం. నందిగామలో జనం కాస్త దిగితే సీటు దొరికింది. ఊరు దాటాక పిల్ల "మెడ లాగుతోందమ్మా" అంది. నిద్రలో పట్టేసిందేమో అని నిమిరాను. కంచికచర్ల దగ్గరికి వచ్చేసరికి దాని తల ఎడమ భుజం వైపుకి తిరిగిపోయింది, ఎవరో జుట్టు పట్టి లాగినట్టు. కళ్లు పైకి వెళ్లిపోయాయి. నల్లగుడ్లు కనిపించడం లేదు. నాలిక మందంగా బయటికి వచ్చింది. అమ్మా అనబోతోంది, మాట రావడం లేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. నా చెయ్యి పట్టుకున్న దాని వేళ్లు చెబుతున్నాయి ఆ సంగతి.

ముందు సీట్లో ఒకావిడ చూసి, "అమ్మవారమ్మా, పిల్ల మీదికొచ్చింది, పసుపు పెట్టండి" అని దణ్ణం పెట్టింది. నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. కండక్టరు జనాన్ని నెట్టుకుంటూ వచ్చి చూసి, "డ్రైవరన్నా, ఆస్పత్రి ముందు ఆపు" అని కేకేశాడు. బస్సు రోడ్డు పక్కన ఒక ప్రైవేటు ఆసుపత్రి ముందు ఆగింది. కూరగాయల బుట్టతో కూర్చున్న ఒక పెద్దావిడ తన బుట్టని బస్సులోనే వదిలేసి, పిల్ల తలని రెండు చేతులతో పట్టుకుని నాతో పాటు దిగింది. "బుట్ట పోతుందమ్మా" అన్నాను, అంత కంగారులోనూ. "పోతే పోద్దిలే, తల జాగ్రత్త" అంది. ఆవిడ పేరు అడగలేదు. ఇప్పటికీ కంచికచర్లలో బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి వెతుకుతాను.

డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నవాడు. ఏం మందులు వాడుతున్నారని మాత్రం అడిగి, వెంటనే సూది వేయించాడు. కాసేపటికి మెడ వదులైంది. నల్లగుడ్లు కిందికి దిగాయి. పిల్ల నన్ను చూసి, మొదటి మాటగా, "నేను చచ్చిపోయానా?" అని అడిగింది.

"సాయంత్రం మందు వల్ల ఒక్కోసారి ఇలా అవుతుందమ్మా. ఈమధ్య డోసు పెంచారా?" అన్నాడు ఆ అబ్బాయి. అవునన్నాను. కాళ్ల సంగతి కూడా చెప్పాను. "అది చురుకు కాకపోవచ్చు, అది కూడా ఈ మందు పనే అయ్యుండొచ్చు. మీ డాక్టరుకి ఇవాళే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపద్దు" అన్నాడు. అక్కణ్నుంచే మా డాక్టరుగారికి ఫోన్ చేశాను. సాయంత్రం మాత్ర పాత మోతాదుకి తగ్గించమన్నారు. పొద్దుటిది మామూలుగానే వేయమన్నారు.

ఇల్లు చేరి, బడికి సెలవు పెట్టేశాను.

ఆ పొద్దున

మర్నాడు పనిదినం. ఇన్ని నెలల్లో బడి రోజు పొద్దున నేను ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. పిల్ల ఇడ్లీ తింటోంది. వంటింట్లోంచి రాయి మీద రాయి రాసిన చప్పుడు వచ్చింది. వెళ్లి చూశాను.

అత్తయ్య పీట మీద కూర్చుని ఉంది. ముందు చిన్న నల్లరాతి కల్వం. ఈ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ వసకొమ్ము, కరక్కాయ, మిరియం అన్నీ అందులోనే నూరి తేనెతో రంగరించి నాకించింది ఆవిడ. ఇప్పుడు ఆ గొట్టం మాత్రని రెండుగా విడదీసి, లోపలి సన్నని పూసలన్నీ కల్వంలో ఒంపి, గుండుతో మెత్తగా నూరుతోంది. పక్కన తేనె సీసా. ఖాళీ గొట్టం చెత్తబుట్టలో పడేసి చేతులు కడుక్కుంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"మందు తీస్తున్నా అమ్మాయ్. రోజూ ఇంతేగా."

"రోజూ నూరుతున్నారా?"

"మరి? ఆ గొట్టం పశువుల ఎముకలు ఉడకేసి చేస్తారంటగా! శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వచ్చినప్పుడు ఖమ్మం వదిన చెప్పింది. గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు మనది, పిల్ల నోట్లో ఎముకలెలా వేస్తా? అందుకే పైది పారేసి లోపలి మందే పెడుతున్నా. నమలకూడదన్నావుగా. మెత్తగా నూరితే ఇంక నమిలేదేముంది?"

మొహం నిండా తృప్తితో చెప్పింది. నా మాట అక్షరాలా పాటించానని అనుకుంటోంది ఆవిడ. దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదంతే. శ్రావణం అన్న ఒక్క మాటతో నాకు నెలలన్నీ వెనక్కి తిరిగి కనిపించాయి. చెమటలు, దడ, గోళ్ల పక్క రక్తం, టిఫిన్ డబ్బా, మందు లేని ఆదివారాలు.

"ఇవాళ్టికి వద్దులెండి, నేను చూసుకుంటా" అని మాత్రం అని, కల్వం తీసుకుని పెరట్లోకి వెళ్లి కడిగేశాను.

డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. "నూరారా?" అన్నారు. రోజంతా కొద్దికొద్దిగా ఒంటికి పట్టాల్సిన మందు, నూరడం వల్ల పొద్దున్నే ఒక్కసారిగా ఎక్కి, మధ్యాహ్నానికి ఒక్కసారిగా దిగిపోయిందన్నారు. ఆ కోపం పిల్లది కాదు, మందు అలా ఎక్కి దిగడం వల్ల వచ్చింది.

"అయితే ఆ రెండో మందు…" అన్నాను.

"అవసరం వచ్చేది కాదేమోనమ్మా" అన్నారు. తరవాత, "నేను ఎలా వేస్తున్నారని అడగాల్సింది" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నా కోపం సగం పోయింది. మిగతా సగం ఎవరి మీద పెట్టుకోవాలో తెలీలేదు.

మా ఆయన కొట్టు మూసి వచ్చి విన్నారు. అంత మనిషి నేల మీద చతికిలబడి తల పట్టుకున్నారు. మొదట అన్నది, "అమ్మకి చెప్పమాక. తట్టుకోలేదు" అని.

నా కూతురు తట్టుకుందిగా, అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

వేసవి

సాయంత్రం మందు మెల్లగా, మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ వచ్చాం. పొద్దుటిది మాంసం సంబంధం లేని బిళ్లగా మార్పించి, నేనే మింగించి బస్సెక్కేదాన్ని. దానికోసం తొలి బస్సు వదులుకుని హెడ్మాస్టరుగారితో రోజూ చివాట్లు తినేదాన్ని. పిల్ల కాళ్లు నెమ్మదించాయి. చొంగ ఆగింది. వైశాఖంలో ఒకరోజు బస్తా ఎక్కి, "అమ్మా, ఒక ఎలకేమో…" అని మొదలుపెట్టి, ఎలకని వదిలేసి ఏనుగులోకి వెళ్లిపోయింది. మా ఆయన తక్కెడ అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

మందు తగ్గుతున్నకొద్దీ పెదాలు మొదలయ్యాయి. ఏమీ తినకపోయినా చప్పరిస్తున్నట్టు పెదాలు ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి, నాలిక కొన బయటికి వచ్చి లోపలికి పోతుంది. మొదట అలవాటనుకుని కసిరాను. అది అద్దం ముందు నిలబడి రెండు వేళ్లతో పెదాలు గట్టిగా పట్టుకుని నాతో అంది: "నేను చప్పరించట్లేదమ్మా. అదే చప్పరిస్తోంది."

ఆ మందు మానేటప్పుడు కొందరికి ఇలా వస్తుందనీ, చాలామందికి నెలల్లో పోతుందనీ, కొందరికి పోదనీ డాక్టరుగారు చెప్పారు. మా పిల్ల ఏ కొందరిలో ఉందో చెప్పలేమన్నారు.

అప్పటికే అత్తయ్య నాతో ముభావంగా ఉంటోంది. పొద్దుటి మాత్ర తన చేతిలోంచి ఎందుకు లాగేసుకున్నానో ఆవిడకి తెలీదు. కోడలు పిల్లని తనకి కాకుండా చేస్తోందని అనుకుని, పక్కింటావిడ దగ్గర కంటతడి కూడా పెట్టుకుందట. నేను నోరు కట్టుకుని తిరుగుతున్నాను. ఈ పెదాలు చూసి ఆవిడేమో, "తేనె అడుగుతోందమ్మా నా తల్లి! మానిపించేశారుగా" అంటూ నవ్వుతూ వేలితో తేనె తీసి పిల్ల నోట్లో పెట్టేది. పిల్ల నాకేది. పెదాలు ఆగేవి కావు. మళ్లీ పెట్టేది.

ఒకరోజు నావల్ల కాలేదు. మధ్యాహ్నం, పిల్ల పక్క గదిలో టీవీ చూస్తోంది. తేనె సీసా ఆవిడ చేతిలోంచి లాక్కుని అంతా అనేశాను. శ్రావణం నుంచి ఈ రోజుదాకా. తేనె అడగడం కాదు అత్తయ్యా అది, జబ్బు, మీరు నూరి పోసినదానికి వచ్చిన జబ్బు అన్నాను. అలా అనకూడదని ఇప్పుడు తెలుసు. సాయంత్రం మందు రాసింది ఆవిడ కాదు, వేసింది ఆవిడ కాదు. అయినా అదే అన్నాను, అదే వరసలో.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తేనె అంటిన వేలిని చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది.

"ఎప్పుడు తెలిసింది మీ ఇద్దరికీ?" అంది.

"తిరునాళ్లప్పుడు."

"అప్పుడే చెప్పాల్సింది అమ్మాయ్" అంది. "తెలీక చేసింది ఒకటి. ఆ నోరట్లా ఆడతుంటే, ఇన్నాళ్లూ నేను నవ్వుకుంటా తేనె పెట్టా. అది చూస్తా ఎట్లా ఊరుకున్నావు?"

లాక్కున్న తేనె సీసా ఇంకా నా చేతిలోనే ఉంది.

ఇప్పుడు

సహస్ర ఇప్పుడు ఆరో తరగతికి వచ్చింది. సాయంత్రం మందు పూర్తిగా మానేసి చాలా నెలలైంది. పొద్దుటి బిళ్ల మింగుతుంది, బాగా చదువుతుంది, కొట్లో అల్లరి చేస్తుంది. పెదాలు తగ్గాయి గానీ పోలేదు. అలిసిపోయినప్పుడు, ఎవరైనా తేరిపార చూసినప్పుడు ఎక్కువవుతాయి. బళ్లో జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మాస్కు పెట్టుకుంటానని అడిగితే ఒప్పుకున్నాను. తోటిపిల్లలు దానికో పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను.

అత్తయ్య ఆ మధ్యాహ్నం తరవాత చాలా రోజులు పిల్లకి అన్నం కూడా తన చేత్తో పెట్టలేదు. ఒకసారి పిల్లే వెళ్లి ఒళ్లో కూర్చుంటే, చేతులు ఎక్కడ పెట్టాలో తెలీనట్టు గాల్లో ఉంచింది. ఒక పండగనాడు ఏం అనుకుందో, ఆసుపత్రికి ఈసారి నేనూ వస్తానంది. అప్పటినుంచి ప్రతిసారీ వస్తోంది.

మొన్న వెళ్లినప్పుడు మాతో పాటు హాల్లో ఒక చిన్న వయసు తల్లి కూర్చుని ఉంది. నందిగామ అవతల ఊరట. ఏడెనిమిదేళ్ల వాడు కుర్చీల కింద దూరి తిరుగుతున్నాడు. ఆ అమ్మాయి ఎవరి మొహమూ చూడకుండా తల వంచుకుని ఉంది. అత్తయ్య లేచి వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. ఏం అడగబోతోందో తెలుసు కాబట్టి, ముక్కూ మొహం తెలీని మనిషిని అడగాల్సిన మాటలా అవి అని నాకు సిగ్గేసింది. ఇలా ఆవిడ ప్రతిసారీ, ప్రతి తల్లినీ అడుగుతుంది.

"బాబుకి మందు నువ్వేనా అమ్మా వేసేది?"

"అవునండి."

"మింగుతాడా?"

"ఎక్కడండీ, ఊసేస్తాడు. చెంచాతో మెదిపి పెరుగన్నంలో కలిపేస్తున్నా. వాడికి తెలీదు" అంది ఆ అమ్మాయి, చిన్నగా నవ్వుతూ. తన తెలివికి తనే కాస్త సంతోషపడుతున్న నవ్వది. వంటింట్లో కల్వం ముందు నేను చూసిన మొహమే.

అత్తయ్య సహస్రని దగ్గరికి పిలిచింది. పిల్ల వచ్చి పక్కన నిలబడి, ఆవిడ అడక్కుండానే మాస్కు కిందికి లాగింది. పెదాలు ఆడుతున్నాయి. నేను లేవబోయాను. పిల్ల నా వైపు చూసి, పరవాలేదమ్మా అన్నట్టు తలూపింది. వీళ్లిద్దరూ ఇది నాకు తెలీకుండా మాట్లాడుకున్నారని అప్పుడు అర్థమైంది.

"నా మనవరాలు. నేనూ అట్టాగే నూరి పెట్టానమ్మా, ప్రేమగా. కొన్ని మందులు మెదపకూడదంట. నీ బాబుది ఏ మందో నాకు తెలీదు. లోపలికెళ్లగానే ముందు అదడుగు. తిట్టినా సరే, మెదిపానని చెప్పు."

ఆ అమ్మాయి పిల్ల నోటి వైపు చూసి, కుర్చీ కిందున్న తన కొడుకుని రెక్క పట్టుకుని పైకి లాగి ఒళ్లో అదుముకుంది.

అంతలో తలుపు తీసి సహస్ర పేరు పిలిచారు. పొద్దున వచ్చినవాళ్లం, పొద్దు తిరిగేదాకా కూర్చుంటే అందిన పిలుపు. అత్తయ్య లేచి తలుపు దగ్గరికి వెళ్లి, "మేం తర్వాత వస్తాం బాబూ, ఈ అమ్మాయిని పంపండి ముందు" అంది.